వానలో పరుగు

గడచిన శ్రావణమాసమున మా పరుగు సంఘపు స్త్రీలము నలువురము ప్రొద్దుటూరినుండి జమ్మలమడుగు బాటను పోయి మరలివచ్చు పది కిలోమీటర్ల పందెమునకు పోయితిమి. పులివెందులనుండియు కొందఱు వచ్చిరి.

బయలుదేరిన కొంతసేపటికే వాన పట్టుకొనెను. మన సీమలో వాన వరమే గాని, తారుబాట తప్పి అడుగిడితిమా, నల్లరేగడి సంగటిముద్దవలె పాదరక్షల కంటుకొనును. సగము దూరమున మాలో నొకతెకు పిక్క పట్టెను. “మీరు పొండక్కా” యని బతిమాలెను. దాచనేల, పోవలెననియే మాకును తోచినది.

అప్పుడు 2018వ సంవత్సరపు బోస్టన్ మారథాన్ జ్ఞప్తికి వచ్చెను. (1972 వఱకు ఆ పందెమున స్త్రీలకు అధికారముగా చోటే లేదు!) ఆనాడు కుండపోత వాన, ఎముకలు కొఱుకు చలి, ఎదురుగాలి. డెసిరే లిండెన్ తాను మధ్యలో మానుకొందునేమో యని తలంచుచుండెను. తోడి అమెరికా వనిత షలేన్ ఫ్లానగన్ కాలకృత్యమునకై ఆగగా, ఆమెకొఱకు వేగము తగ్గించి, వెంటబెట్టుకొని మరల గుంపులో కలిపెను. తుదకు లిండెనే గెలిచెను. అమెరికా స్త్రీ యచ్చట గెలుచుట 33 ఏండ్లకు అదే.

మే మాగితిమి. ఆమె కాలు చాపించి, వ్రేళ్లను మెల్లగా ఆమెవైపునకు వంచి పట్టగా కండ సడలెను. కొంత నడిచి, కొంత పరుగెత్తి, అందఱికంటె వెనుక చేరితిమి.

ఇంట శొంఠికాఫీ యిచ్చుచు అత్తగారు, “గెలిచిన దెవరే?” యనిరి.

“పులివెందుల పిల్ల, అత్తా.”

“పోనీ, ఆ యమ్మాయి కాలు కుదిరినదా?”