వెలుపలికి విడుచు ఊపిరి



యాసంగి కోతలు ముగిసి, మా సుల్తానాబాదు చుట్టుపట్ల కల్లములలో ధాన్యపు రాశులు నిలిచియుండు దినములలో ఆకాశము నల్లబడినచో గుండె దడదడలాడని యిల్లాలుండదు. అది సహజమైన భయము. వాన వెలిసినంతనే తీరిపోవును. నేను నేడు ముచ్చటింపబూనినది అట్లు తీరని భయమును గూర్చి.

మా పొరుగింటి వదినెకు మొన్న వేసవిలో ధాన్యము తడవకుండనే అమ్ముడుపోయెను, సొమ్మును చేతికందెను. అయినను ఆమెకు నిద్ర లేదు. ధాన్యపు దిగులు పోయి, పట్నమున చదువుకొను కుమారుని దిగులు వచ్చెను. వాడు క్షేమమని ఫోనులో చెప్పిన పిమ్మట, గ్యాసు కట్టివేసితినో లేదో యను దిగులు. కారణములు మారుచుండెను, దిగులు మాత్రము మారలేదు.

ఇది నాకు క్రొత్త కథ కాదు. మూడేండ్ల క్రిందట నేనును ఇట్లే యుంటిని. బడినుండి మా వారు వచ్చుట పావుగంట యాలస్యమైన చాలును, రహదారిపై పోవు లారీలన్నియు నా కన్నుల యెదుట తిరిగెడివి. “ఏమియు కాలేదు గదా, ధైర్యముగా నుండరాదా?” యని వారనెడివారు. ఉండలేకపోవుట నా తప్పని సిగ్గుపడి, ఏడాది కాలము దాచుకొంటిని. తుదకు ఒక వైద్యురాలు గుండెను, రక్తమును పరీక్షింపజేసి, ఇది ఆందోళన వ్యాధి యని తేల్చెను. అనేక విషయములను గూర్చి అణచరాని చింత ఆరు మాసములకు పైగా దాదాపు ప్రతిదినమును ఉండి, దానితో నిద్రలేమి, అలసట, చిరాకు, కండరముల బిగువు వంటివి కూడినచో వైద్యులు దీనిని గుర్తింతురు.

కలతపడినప్పుడు మనము చేయు పొరపాటొకటి కలదు. ఊపిరి చాలలేదనిపించి, మరి మరి లోనికి పీల్చుదుము. అట్లు గబగబ పీల్చి విడుచుటచే రక్తమునందలి బొగ్గుపులుసు వాయువు తగ్గి, తల తిరుగును; వ్రేళ్ళు తిమ్మిరెక్కును. అది చూచి భయము ఇనుమడించును. ఊదుగొట్టముతో పొయ్యి నూదిన పెద్దలకు ఇది తెలిసినదే. ఆగక ఊదినచో కన్నులు చీకట్లు క్రమ్మును. పెదవులు కుదించి మెల్లగా ఊదినచో నిప్పును రాజుకొనును, ఊదినవారికిని శ్రమ యుండదు.

పుట్టింట మా తండ్రిగారి యొద్ద పతంజలి యోగసూత్రములు చదివితిని. ప్రథమ పాదమున, చిత్తము తేటపడుటకు చెప్పిన యుపాయములలో ప్రాణవాయువును వెలుపలికి విడుచుట, నిలుపుట యున్నవి. విడుచుటనే మొదట నేల చెప్పిరో నాడు యోచింపలేదు. ఊపిరి పీల్చునప్పుడు గుండె వేగము కొంచెము హెచ్చును, విడుచునప్పుడు తగ్గును అని వైద్యురాలు చెప్పిన పిదప నాకు బోధపడెను. 2023లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారు ప్రకటించిన పరిశోధనలోను, దినమునకు 5 నిమిషముల చొప్పున ఒక మాసము విడుచు శ్వాసను దీర్ఘముచేసి సాధన చేసినవారికి, ధ్యానము చేసినవారికన్న ఉల్లాసము హెచ్చుగా కలిగినట్లు తేలినది.

సాధన యిది. గోడకు చేరగిలి కూర్చుండి, భుజములను వదలి, ఒక చేయి పొట్టపై నుంచవలెను. నాలుగు లెక్కించువరకు ముక్కుతో తేలికగా, పొట్ట లేచునట్లు పీల్చవలెను. పిమ్మట పెదవులు కుదించి, ఎదుట దీపమున్నచో అది ఆరక కదలునంత మెల్లగా, ఆరు లెక్కించువరకు విడువవలెను. ఇట్లు నిమిషమునకు 6 శ్వాసలగును. సాధారణముగా మనము 12 మొదలు 20 వరకు తీయుదుము. 5 నిమిషములు చాలును. తల తిరిగినచో మానివేయుడు. ఊపిరి బిగబట్టు కుంభకము మనకక్కరలేదు. గర్భవతులకును, ఉబ్బసము, గుండెజబ్బు కలవారికిని అది తగదు.

అయితే ఇల్లు కాలునప్పుడు బావి త్రవ్వినట్లు, భయము వచ్చిననాడే మొదలుపెట్టిన ఫలము లేదు. నెమ్మదిగా నున్న వేళనే అలవరచుకొనవలెను. ప్రొద్దున పాలు కాగులోపల నేను చేయుదును.

దీనితో చింత నిర్మూలమగునని చెప్పను. మా వారు ఆలస్యమైనచో నేటికిని నా మనస్సు లారీలవైపే పరుగిడును. కాని ఇరువది శ్వాసల పిదప లేచి కూర తరుగుకొనగలుగుదును. ఐదు మార్లు ఫోను చేయను. ఇది అల్ప లాభము కాదు.

నిద్రాహారములు చెడి, పనులు సాగనిచో వైద్యులను చూడుడు. థైరాయిడు హెచ్చినను గుండెదడ, వణకు కలుగును గనుక పరీక్ష అవసరము. కేంద్ర ప్రభుత్వము 2022 అక్టోబరులో నెలకొల్పిన టెలి మానస్ సేవకు 14416 సంఖ్యపై ఉచితముగా ఫోను చేసి, తెలుగులోనే మాటలాడవచ్చును. బ్రతుకనొల్లనన్న తలంపు కలిగినచో ఒక్క గడియయు తడయరాదు. ఇంటివారికి చెప్పి, వెంటనే సాయము పొందుడు.

నిన్న సాయంకాలము వదినెయు నేనును మా యరుగుపై కూర్చుండి శ్వాసలు లెక్కించితిమి. పదవ శ్వాసకు ఆమె కన్నీరు పెట్టుకొని, “ఇన్నొద్దులు ఇది నా తప్పే అనుకున్న, వదినె” అనెను. రేపు ఇరువురము కలిసి కరీంనగరమునకు, వైద్యురాలి యొద్దకు పోవుచున్నాము. మీ పొరుగున నెవరైన నిట్లున్నచో, ధైర్యముగా నుండుమని చెప్పకుడు. ప్రక్కన కూర్చుండి, ఆమెతోపాటు మెల్లగా ఊపిరి విడువుడు.