రెండు మిల్లీమీటర్లు

మా పిల్లలకు సీటు వస్తుంది గానీ పరిశోధన చేసే తెలివి రాదని, సొంతంగా నాలుగు వాక్యాలు రాయలేరని యూనివర్సిటీల్లో సార్లు అంటుంటారు. మొహం మీద అనేవాళ్లు కొందరు. నవ్వి ఊరుకునేవాళ్లు ఎక్కువ. వాళ్లందరినీ ఒకటే అడుగుతున్నా. ఎప్పుడు నేర్పినారు మీరు?

నేను కొత్తచెరువు పక్క పల్లెలో మాదిగోన్ని. 2022లో మా జిల్లా పేరు అనంతపురం పోయి శ్రీ సత్యసాయి అయింది. కరువు పేరు మాత్రం మారలేదు. మా వంశంలో డిగ్రీ దాకా పోయిన మొదటోన్ని నేనే. ఎమ్మే జాగ్రఫీ చేసి, ఇప్పుడు సర్కారు బడిలో సోషల్ చెప్తున్నా. చదివిన యూనివర్సిటీ పేరు రాయను. రాస్తే అది ఆ ఒక్కదాని జబ్బే అనుకొని మిగతావాళ్లు హాయిగా నిద్రపోతారు.

ఎమ్మే రెండో ఏడు డిసర్టేషన్ రాయాల. ఊళ్లు తిరిగి వివరాలు తెచ్చి, పటాలు గీసి, పుస్తకం చేసి ఇయ్యాల. ఎట్లా రాయాలో ఒక్క క్లాసు లేదు. "సినాప్సిస్ రాసుకొని రాపో" అన్నాడు గైడు. సినాప్సిస్ అంటే ఏంది సార్ అంటే, "పీజీకి వచ్చి ఇది అడుగుతావా" అన్నాడు. నా పక్కన కూర్చునే వాని నాయన లెక్చరరు. వాళ్లింట్లో బీరువా నిండా థీసిస్‌లు. వానికి అడిగే పనే లేదు. వానిది మెరిట్ అంట, నాది కోటా అంట. బీరువాకు మెరిట్ అని పేరు పెట్టినారు, అంతే.

నాకు నేర్పింది ఎస్సీ హాస్టల్లో ఒక సీనియర్ అన్న. మెస్సు మూసినాక, రాత్రిపూట, తినే బల్ల మీద. ముందు నీ ప్రశ్న రాసుకో, దానికి జవాబు చెప్పేది తప్ప ఇంకోటి పెట్టొద్దు అన్నాడు. చదివిన ప్రతి పుస్తకానికి ఒక అట్టముక్క. దాని మీద రచయిత పేరు, ఏడు, పేజీ. ఎవరి మాట ఎవరిదో కలిసిపోకూడదు. పేరాకు ఒక సంగతి, సంగతి వెనకే రుజువు. ఇంగ్లీషు రాకుంటే తెలుగులో రాసి చూసుకో, ఆలోచన నిలబడితే భాషను తర్వాత దిద్దుకోవచ్చు. పది రాత్రుల పని ఇది. చెప్పు కుట్టడం ఇంతకంటే కష్టమని మా నాయన చేతులు చూసిన నాకు తెలుసు. బ్రహ్మవిద్యేం కాదు. ఆరె, రంపె మాదిరి పనిముట్టు. దాచిపెట్టుకున్నారు గాబట్టి విద్య అయి కూర్చుంది.

నేను తీసుకున్న సంగతి మా ఊరి చెరువు. మా అబ్బ దానికి నీరుగంటి. తూము తీసేది, మూసేది ఆయనే. ఏ మడికి ఎంతసేపు నీళ్లు పోవాలో ఆయన నోట్లో లెక్క. ఆయకట్టులో ఒక్క సెంటు ఆయనది కాదు. ఇది రాస్తానంటే "ఇది సోషియాలజీ. జాగ్రఫీలోకి కులం తేవద్దు" అన్నాడు గైడు.

నేను తెచ్చేదేంది సార్? మా పాత అనంతపురం జిల్లాకు ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చిల్లర వాన. నైరుతి మేఘాన్ని పడమటి కనుమలు ఆపుతాయి. ఈశాన్యపు వాన తూర్పు తీరం దాటి ఇక్కడికి వచ్చేసరికి వట్టిపోతుంది. ఇది పుస్తకంలో ఉంది, నేనూ పిల్లలకు చెప్తున్నా. కానీ పడిన ఆ కాస్త వాన చెరువులో చేరినాక ఎవరి మడికి పోవాల, ఎవరి కడవ ఎక్కడ ముంచకూడదు అనేది కనుమలు చెప్పలేదు. చెరువు నీళ్లు తాగడానికి 1927 మార్చి 20న మహద్‌లో అంబేద్కర్ వేలమందితో నడవాల్సి వచ్చింది. 1985లో కారంచేడులో, తాగే చెరువు పాడుచేయొద్దన్న చోట మొదలైన గొడవకు మరునాడు, జూలై 17న, ఆరుగురు మాదిగలను చంపినారు. చెరువు భూగోళం కాకపోతే ఏది భూగోళం?

కులం మీద రాస్తే శాస్త్రం కాదంటారా? 1916 మేలో కొలంబియా యూనివర్సిటీలో, గోల్డెన్‌వైజర్ సెమినార్లో, పాతికేళ్ల అంబేద్కర్ చదివిన పేపరు కులం పుట్టుక మీదనే. మరుసటేడు 'ఇండియన్ ఆంటిక్వరీ' అచ్చేసింది.

మీ సర్వేల సంగతీ చూసినా. పదకొండు గంటలకు వస్తారు. ఆ పొద్దుకు వాడలో ముసలోళ్లు, పసిపిల్లలు తప్ప ఎవరుంటారు? అందరూ చెనక్కాయ చేలల్లో కూలికి పోయింటారు. రెడ్డి అరుగు మీద కూర్చొని, మా వివరాలు ఆయన్నడిగి ఫారాలు నింపుకొని పోతారు. దానికి శాంపిల్ అని పేరు. మా అమ్మ బడి మొహం చూడలేదు. "పగులు పోతే ఎవురుంటార్రా, సంగటి తినే యాళకు పో" అనింది. అట్లే పోయినా. ఇంటింటికీ కడవల లెక్క రాసినా. వాడ నుంచి బోరింగు దాకా టేపు పట్టి కొలిచినా.

ఇంక పటం. సర్వే ఆఫ్ ఇండియా టోపోషీటు స్కేలు 1:50,000. రెండు సెంటీమీటర్లయితే కిలోమీటరు. ఊరికీ మా వాడకూ నడుమ వంద మీటర్లు. షీటు మీద అది రెండు మిల్లీమీటర్లు. పెన్సిలు మొన కింద పోతుంది. ఆ రెండు మిల్లీమీటర్లు దాటడానికి మా అబ్బకు ఒక జన్మ చాల్లేదు. అందుకే 1:1,000 స్కేలులో నేనే గీసినా. అప్పుడది పది సెంటీమీటర్లు. కండ్లున్న ఎవనికైనా కనపడుతుంది. "దీన్ని అనుబంధంలో పెట్టుకో" అన్నాడు గైడు. ఊరి చివర వాడ, పుస్తకం చివర మా పటం!

మేము అడిగేది దయ కాదు. పీజీలో చేరిన మొదటి నెల నుంచే, మార్కులు పెట్టి, పరిశోధన రాయడం నేర్పండి. తెలుగులోనూ నేర్పండి, తెలుగులో రాసింది తీసుకోండి. ఊళ్లు తిరగడానికి బస్సు చార్జీలియ్యండి. నేర్పకుండా పరీక్ష పెట్టేవాళ్లు మా తెలివి గురించి మాట్లాడొద్దు.

నా తొమ్మిదో తరగతి పిల్లల చేత ఇంటి నుంచి నీళ్ల దాకా అడుగులు లెక్కపెట్టిస్తున్నా. స్కేలు వేసి పటం గీయిస్తున్నా. ఎవరిని అడిగినారో, ఏ రోజు అడిగినారో కింద రాయిస్తున్నా. ఆరేడేండ్లు పోతే వీళ్లు మీ దగ్గరికి వస్తారు. సినాప్సిస్ అంటే ఏంది సార్ అని అడుగుతారు. జవాబు సిద్ధం చేసుకోండి.