బుజ్జిగాడి నిద్ర దొంగలు

“అక్కా, వీడొట్టి మొండిఘటం! అన్నం ముట్టడు, చెప్పిన మాట వినడు, సాయంత్రమైతే చాలు నేలమీద పడి దొర్లుతాడు. ఎవరి దిష్టి తగిలిందో!”

సూళ్లూరుపేటలో మా ఎదురింటి అమ్మాయి, తన రెండేళ్ళ కొడుకు గురించి రోజూ నాతో వెళ్ళబోసుకునే గోడు ఇది. చెంగాళమ్మకు మొక్కుకుంది. ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచింది. అయినా తగ్గలేదు. ఎలా తగ్గుతుంది? వాడికి తగిలింది దిష్టి కాదు, నిద్రలేమి.

లెక్క చూడండి. రాత్రి పదకొండుకు పడుకుంటాడు. పొద్దున ఆరున్నరకు కుక్కరు కూతకు లేస్తాడు. మధ్యాహ్నం ఓ గంట కునుకు. మొత్తం ఎనిమిదిన్నర గంటలు. ఆ వయసు పిల్లలకు పగటి కునుకుతో కలిపి 11 నుంచి 14 గంటలు, మూడు నాలుగేళ్ళ వాళ్ళకు 10 నుంచి 13 గంటలు నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అంటే వీడికి మనం రోజూ రెండున్నర గంటలు బాకీ! నిద్ర చాలకపోతే పెద్దవాళ్ళు ఆవులిస్తారు. పసివాళ్ళు ఏడుస్తారు, గెంతుతారు, చేతిలోది విసిరికొడతారు. దానికి మనం పెట్టిన పేరు మొండితనం.

ఎదుగుదలకు కావలసిన హార్మోను ఎక్కువగా ఊరేది గాఢనిద్రలోనే. పగలు నేర్చిన ముద్దుమాటలు బుర్రలో కుదురుకునేదీ నిద్రలోనే. నిద్ర తగ్గించి, పాలల్లో ఏ పొడి కలిపి తాగిస్తే ఏం లాభం?

మరి ఆ నిద్ర కాజేసిందెవరు? “తల్లి పెంపకం” అని తేల్చేస్తారు అందరూ. నేనొప్పుకోను. తాతగారి సెల్‌ఫోన్లో బొమ్మలు, నాయనమ్మగారి సీరియళ్ళు, చెన్నైలో ఉద్యోగం చేసి రాత్రి తొమ్మిదికి రైలు దిగే నాన్నగారి ఆటలు. ఇందరికీ వడ్డించి ఆ పిల్ల వంటింట్లోంచి బయటపడేసరికి పదిన్నర. జోల పాడేదెప్పుడు?

“పగలంతా బిడ్డ మొహం చూడని తండ్రికి ఆ గంటైనా ఉండొద్దా?” అంటారు. ఉండాలి. పెందలాడే పడుకున్న పిల్లవాడు పెందలాడే లేస్తాడు. రైలుకు పరుగెత్తేముందు వాడికి నీళ్ళు పోసి, రెండు ఇడ్లీలు తినిపించమనండి. రాత్రి ముద్దు తనది, మర్నాటి ఏడుపు పెళ్ళానిదీనా?

ఎదురింటిని అని ఏం లాభం, నేనూ దొంగనే. 2019 జూలై 15న, తెల్లవారుజామున 2.51కి శ్రీహరికోట నుంచి చంద్రయాన్-2 ఎగురుతుందని, మూడేళ్ళ మా వాణ్ణి అర్ధరాత్రి లేపి మిద్దెమీదికి మోసుకెళ్ళాను. ఇంకా 56 నిమిషాలుందనగా ప్రయోగం ఆపేశారు. వాడు తెల్లారేదాకా ఏడ్చాడు. మర్నాడు మొండికేశాడని నేనే ఓ దెబ్బ కూడా వేశాను. ఆ దెబ్బ ఇప్పటికీ నా అరచేతిలో మండుతూనే ఉంది.

అంత పెద్ద రాకెట్టులోనూ లోపం కనబడగానే ఆపేసి, వారం ఆగి, 22న పంపారు. పసివాడి నిద్ర కోసం మనం ఓ గంట టీవీ ఆపలేమా?

ఈ రాత్రి ఎనిమిదిన్నరకల్లా మీ ఇంట్లో దీపాలు తగ్గించి చూడండి. సీరియల్లో అత్తాకోడళ్ళ తగువంటారా, అది రేపటికి కూడా తెగదు. నాదీ పూచీ!