అమ్మ చూడని సీరియళ్ళు, నా అరగంట పరుగు

"ఆ రోజులే వేరు" అన్న మాట మా ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో రెండు రోజులకోసారైనా వస్తుంది. షట్టర్ తలుపుల టీవీ ఫొటో ఒకరు పెడతారు, దూరదర్శన్ గుర్తు ఇంకొకరు పెడతారు, ఇక చూసుకోండి. శుక్రవారం చిత్రలహరి, ఆదివారం రామాయణం, డాబా మీద యాంటెన్నా తిప్పుతూ "వచ్చిందా? ఇప్పుడొచ్చిందా?" అని కేకలు. నాకూ ఇష్టమే ఇవన్నీ. ఒక్క మాట దగ్గరే నాకు పేచీ. "అప్పుడు ఇంటిల్లిపాదీ కూర్చుని చూసేవాళ్ళం" అంటారు చూశారూ, అక్కడ.

ఇంటిల్లిపాదీ అంటే ఎవరండీ? మా అమ్మ టీవీ ముందు కూర్చున్నట్టు నాకైతే గుర్తు లేదు.

1984 జూలైలో 'హమ్ లోగ్' మొదలైంది. అమ్మకి హిందీ రాదు. వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడి, "ఏమంటోందే ఆ పిల్ల?" అని అడిగేది. నేను స్కూలు హిందీతో అర్థం చెప్పేలోపు కుక్కరు కూత వేసేది. అమ్మ లోపలికెళ్ళి వచ్చేసరికి కథ అయిపోయి, చివర్లో అశోక్ కుమార్ వచ్చి మాట్లాడుతూ ఉండేవాడు. అమ్మ దృష్టిలో ఆ సీరియల్ అంటే ఆ పెద్దాయనే. 'రజని'లో ప్రియా టెండూల్కర్ ఒక మామూలు గృహిణిగా అందరినీ నిలదీస్తుంటే మా ఇంట్లో మగవాళ్ళు భలే మెచ్చుకునేవారు. మెచ్చుకుంటూనే, "మంచినీళ్ళు" అని లోపలికి కేక వేసేవారు. 1989లో 'ఉడాన్' వచ్చింది. కవితా చౌధరి తన అక్క, ఐపీఎస్ అధికారి కాంచన్ కథను తానే రాసి, తీసి, తానే నటించింది. ఒక ఆడది ఒక ఆడదాని గురించి అంత శ్రద్ధగా చెప్పిన కథని అమ్మ మొదట్నుంచి చివరిదాకా ఒక్క భాగమైనా చూసిందా అంటే అనుమానమే.

ఆ 1984లోనే ఇంకో సంగతి ఉంది. లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో మొట్టమొదటిసారి ఆడవాళ్ళకి మారథాన్ పెట్టారు. అప్పటిదాకా ఆడవాళ్ళ ఒంటికి అంత దూరం పడదన్నది పెద్దల లెక్క. ఆ ఆటల్లోనే మన పి.టి. ఉష 400 మీటర్ల హర్డిల్స్‌లో సెకనులో నూరోవంతు తేడాతో కంచు పతకం పోగొట్టుకుంది. మా వీధి వీధంతా బాధపడింది. అయినా ఆ మర్నాడు ఏ ఆడపిల్లనీ "పోయి పరిగెత్తిరావే" అన్నవాళ్ళు లేరు. 1991లో అశ్వినీ నాచప్పని పెట్టి 'అశ్విని' సినిమా తీస్తే కుటుంబాలతో వెళ్ళి చూశాం, చప్పట్లు కొట్టాం, ఇంటికొచ్చి అన్నాలు వడ్డించాం. పరిగెత్తే ఆడదాన్ని తెర మీద చూడటానికి మనవాళ్ళకి ఎప్పుడూ అభ్యంతరం లేదు.

అందుకే నాకు టీవీ కన్నా రేడియో మీద గౌరవం ఎక్కువ. రేడియో అమ్మని కూర్చోమని అడగలేదు. ఉప్పు డబ్బా పక్కనే ఉండి, చేతులు పప్పు ఏరుతున్నా, పిండి రుబ్బుతున్నా చెవిలో పాట పోసింది. వివిధ భారతి జనరంజనిలో పాట కోరినవాళ్ళ పేర్లు చదువుతుంటే అమ్మ రుబ్బడం ఆపి మరీ వినేది. ఎక్కడో నూజివీడులోనో పాలకొల్లులోనో ఉన్న ఆడవాళ్ళ పేర్లు, ఇంటిపేర్లతో సహా. ఫలానావారి భార్య అని కాదు, వాళ్ళ పేర్లే.

నలభై ఎనిమిదో ఏట నేను పరుగు మొదలుపెట్టినప్పుడు నాకు తోడొచ్చింది కూడా ఆ పాత పాటలే. విశాఖ బీచ్ రోడ్డులో తెల్లవారుజామున బళ్ళు ఆపేస్తారు కదా, కాళీమాత గుడి దగ్గర మొదలుపెడతాను. వాచీ, యాప్ ఏమీ లేవు. ఒక పాట పరుగు, ఒక పాట నడక. పాతకాలం రికార్డు ఒక వైపు పట్టేది మూడు నిమిషాల చిల్లరే కాబట్టి ఆ పాటలూ ఆ కొలతలోనే ఉంటాయి, కొత్తగా మొదలుపెట్టినవాళ్ళకి సరిగ్గా సరిపోతుంది. ఎల్.ఆర్. ఈశ్వరి పాట వస్తే సబ్‌మెరైన్ ఎప్పుడు దాటానో తెలియదు. ఘంటసాల విషాద గీతం వచ్చిందా, కాళ్ళు వాటంతటవే నడకలోకి దిగుతాయి. పక్కన అదే పాట వింటూ నడిచే పెద్దాయనలు నన్ను దాటేసిన రోజులున్నాయి!

"ఈ వయసులో ఎందుకమ్మా, మోకాళ్ళు అరిగిపోతాయి" అన్నారు ఎదురింటి పిన్నిగారు. మోకాళ్ళ డాక్టరుగారిని అడిగే మొదలుపెట్టానని చెప్పాను. అసలు అభ్యంతరం మోకాళ్ళు కాదని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. ఆరింటి కాఫీ. మావారు రెండు వారాలు ముభావంగా ఉన్నారు. మా అత్తయ్యగారైతే, "వంటింట్లో తిరిగేది చాలదూ?" అన్నారు. చాలదండీ. వంటింట్లో తిరిగితే ఎక్కడికీ వెళ్ళం. పిల్లవాడి పరీక్షలు, చుట్టాలు, పండగ, పనిమనిషి నాగా... ఆ అరగంటని వెనక్కి అడగటానికి ఇంట్లో రోజుకో మంచి కారణం పుడుతుంది. ప్రతిదీ న్యాయంగానే కనిపిస్తుంది, అదే కష్టం. అమ్మని గుమ్మంలో నిలబెట్టినవి కూడా ఇలాంటి న్యాయమైన కారణాలే. ఎవరూ చెడ్డవాళ్ళు కారు.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి రామాయణం మళ్ళీ వేసినప్పుడు అమ్మ మా దగ్గరే ఉంది. మొదటిసారి సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని చూసింది. వంట నేనూ మావారూ చేశాం. "ఇదంతా అప్పుడూ ఉందా?" అని అడిగింది కైకేయి ఘట్టం దగ్గర. ఉందమ్మా, నువ్వప్పుడు చట్నీకి పోపు వేస్తున్నావు అన్నాను. "ఊరుకో, మాట్లాడకు, వినిపించట్లేదు" అని నన్ను కసిరి, టీవీ సౌండు పెంచింది.