తరువాయి సంపుటము: చదువరి ఆశాభంగము

కథ ముగిసినచో చదువరికిని రచయితకును నడుమ లెక్క తీరిపోవును. “తరువాయి కలదు” అనిన రచయితకు ఆ సౌకర్యము లేదు. మొదటి సంపుటమును కథగా చదివినవాడే రెండవ సంపుటమును మాట చెల్లింపుగా చదువును. అద్భుత కథల విషయమున ఈ పట్టు మరింత గట్టిది. మంత్రములును పరకాయ ప్రవేశములును నిండిన లోకమును చదువరి ఒకసారి నమ్మినాడు. ఆ నమ్మకము వమ్మైనపుడు కలుగు ఆశాభంగమున కొంత కోపము, కొంత సిగ్గు కూడ కలిసియుండును.

చదువరి కోరినది ఇచ్చినంత మాత్రమున ఈ చిక్కు తీరదు. 1893లో షెర్లాక్ హోమ్సును చంపివేసిన కోనన్ డాయిల్, చదువరుల పట్టుదలకు లొంగి 1903లో అతనిని బ్రదికించి తెచ్చెను. తిరిగివచ్చినవాడు మునుపటి మనిషి కాడను మాట తన చెవిని పడినదని ఆయనే తరువాత చెప్పుకొనెను. కోరిక తీరినను ఆశాభంగము తప్పలేదు. కాబట్టి చదువరి కోరికను కొలబద్దగా పెట్టుకొనుట చాలదు.

కృష్ణాతీరమున ఈ ప్రశ్నకు తగిన ఉదాహరణము విశ్వనాథ సత్యనారాయణ పురాణవైర గ్రంథమాల. నందమూరులో 1895లో పుట్టి, విజయవాడలో చిరకాలము అధ్యాపకుడుగా నుండి, 1976లో కీర్తిశేషుడైన ఆ కవి ఈ మాలను పండ్రెండు నవలలుగా కూర్చెను. ‘భగవంతుని మీది పగ’తో మొదలై ‘నివేదిత’తో ముగియు ఈ మాలకు వెన్నెముక మగధ రాజవంశముల పరంపర. దాని కాలగణనము కోట వెంకటాచలము ప్రతిపాదించినది. ఆ లెక్కను బట్టి భారత యుద్ధము క్రీ. పూ. 3138లో జరిగినది, అలెగ్జాండరు నాటి చంద్రగుప్తుడు మౌర్యుడు కాడు, గుప్తవంశపువాడు. నేటి చరిత్రకారులు ఈ లెక్కను అంగీకరింపరు. అయినను నవలను నవలగా చదువువానికి ఆ వివాదము అడ్డు కానక్కరలేదు.

మొదటి నవలలో జయద్రథుని పగ చదువరిని పట్టి లాగును. భగవంతునిమీదనే పగ పూనిన మనుష్యుడు ఏమి చేయును, ఎంతవరకు పోవును అను ఆత్రము పుట ముగియనీయదు. ‘పులిమ్రుగ్గు’లో మ్రుగ్గు మహిమచే మనిషి పులియగు విద్య కలదు; ఆ కల్పన తెలుగు నవలలో అరుదైనది. కాని ఈ మాలను వరుసగా చదువబూనిన విద్యార్థి పలుమారు నడుమ ఆగిపోవును. వంశము మారినపుడెల్ల అతడు పరిచయము చేసికొన్న మనుష్యులు కనుమరుగగుదురు. కథ నడువవలసిన చోట పాత్రలు న్యాయవాదులై కాలనిర్ణయమును గూర్చి వాదింతురు. విశ్వనాథ తన నవలలను పెక్కింటిని చెప్పుచుండగా ఇతరులు వ్రాసిరి. ఆ నోటిమాటయొక్క వేగము వానికి ప్రాణము పోసినది. ఆ వేగమే దారి తప్పించినది కూడ.

ఆ విద్యార్థి తన ఆశాభంగమును ఎవరితో చెప్పుకొనవలెను? ఒక వర్గమువారు, “అంతటివాని గ్రంథము నీకు నచ్చకపోవుట నీ లోపము” అందురు. మరియొక వర్గమువారు, “ఆ ఛాందసుని అసలు చదువుటయేల?” అందురు. మొదటివారు అతని నోరు మూయింతురు; రెండవవారు అతని చేతిలోని పుస్తకమును మూయింతురు. ఇరువురి వలనను జరుగు నష్టమొక్కటే: చదువు ఆగిపోవును.

ఆశాభంగము రెండు విధములు. తాను కోరిన కథ రాలేదని చదువరి నొచ్చుకొనుట ఒకటి. రచయిత తాను ఏర్పరచిన నియమమును తానే తప్పినాడని నొచ్చుకొనుట రెండవది. మొదటిదానికి రచయిత బాధ్యుడు కాడు. పురాణములపై వైరమే తన వస్తువని విశ్వనాథ మాల పేరులోనే చాటినాడు. మంత్రవిద్యలకై మాత్రమే పుస్తకము తెరచినవాడు ఆ పేరును సరిగా చదువలేదనవలెను. రెండవ విధమైన ఫిర్యాదు మాత్రము న్యాయమైనది. ఉద్దేశమును ముందుగా చాటినంత మాత్రమున కథకునికి కథ చెప్పు బాధ్యత తీరదు. జయద్రథుని పగతో కట్టిన ముడిని రాజుల పట్టికతో విప్పబూనినచో, చదువరి ప్రశ్నింపవచ్చును, ప్రశ్నింపవలెను.

తరువాయి వ్రాయుట అసాధ్యమనుటకు వీలు లేదు. నన్నయ అరణ్యపర్వము నడుమ విడిచిన భారతమును తిక్కన విరాటపర్వము మొదలుకొని నడిపెను. నడుమ మిగిలిన భాగమును ఎఱ్ఱన పూరించెను. ఎఱ్ఱన నన్నయ ధోరణిలో మొదలిడి తిక్కన ధోరణిలోనికి దించెనని పెద్దలందురు. ఆ పూరణమును రాజరాజనరేంద్రునికే అంకితమిచ్చి, తన పేరును వెనుకకు నెట్టుకొనెను. తిక్కన గొంతు నన్నయ గొంతు కాదు. అయినను తెలుగువాడు మోసపోయితినని అనుకొనలేదు. గొంతు మారినను, మొదట పుట్టిన నమ్మకము చెడలేదు.

ఉపాధ్యాయులు చేయదగిన పని ఇచ్చట కలదు. “నచ్చలేదు” అనిన విద్యార్థిని మందలింపక, “ఏ పుటలో నచ్చుట మానినది?” అని అడుగవలెను. ఆ పుటను వెదుకబోయినవాడు గ్రంథమును రెండవమారు చదువును. కథ ఏ చోట ఆగినది, ఏ పాత్ర తన స్వభావమును విడిచినది, ఏ విద్యకు ముందు చెప్పిన కట్టుబాటు తరువాత సడలినది అని గుర్తించును. ఒక్కొక్కప్పుడు లోపము తన తొందరలోనే ఉన్నదని అతనికే తోచును. ఒక్కొక్కప్పుడు మహాకవి చేతిలోనే ఉన్నదని తేలును. రెండును విద్యయే.

విశ్వనాథకు 1970 సంవత్సరపు జ్ఞానపీఠము లభించినది. అది తెలుగునకు మొదటిది. ఆ గౌరవము ఒక విద్యార్థి ఫిర్యాదు వలన తరుగదు. చదువకయే చేయు నమస్కారము వలన పెరుగదు కూడ. పండ్రెండు నవలలలో నాలుగవదానియొద్ద ఆగి, ఏల ఆగితినో చెప్పగల విద్యార్థి, అట్టమీది పేరు చూచి చేతులు జోడించువానికంటె ఆ కవికి దగ్గరివాడు.