కళాసమితులు – ఇరుగుపొరుగు నిద్ర

కళ సమాజమునకు ప్రాణమని అందరును అంగీకరింతురు. కాని ఆ కళ ప్రక్క ఇంటిలోనే ప్రతి సాయంకాలమును మద్దెలతో, హార్మోనియముతో సాధన చేయబడుచుండినచో ఆ అంగీకారము కొంత సడలుట సహజము. తెలుగునాట పట్టణములలో లాభాపేక్ష లేక నడచు నాటక సమాజములకును, పిల్లలకు సంగీత నృత్యములు నేర్పు సమితులకును ఎదురగుచున్న చిక్కు ఇదియే. ఒకవైపున ఇరుగుపొరుగువారి ఫిర్యాదు. మరొకవైపున అనుమతి పత్రము. ఈ రెంటి నడుమ నలిగి ప్రదర్శనములు మానుకొను సమితులు కొన్ని. అనుమతి లేకయే జరిపి అపరాధులగునవి కొన్ని.

ఈ చిక్కు పూర్వము లేకపోవుటకు కారణము పూర్వులకు ఓర్పు ఎక్కువగా నుండుట కాదు. 1885లో కడప మండలమందలి సురభి గ్రామమున ‘కీచకవధ’ ఆడినవారికి గొంతుకయే సాధనము. తెల్లవారువరకు సాగు వీధినాటకమును చూచుటకు ఊరెల్ల తరలివచ్చెడిది గనుక నిద్రాభంగమైనదని వాపోవువాడు అరుదు. నేడు ఊరు పెరిగినది. ఒకే గోడకు ఇరువైపుల వేరువేరు అభిరుచులవారు, వేరువేరు వేళల పనిచేయువారు వసించుచున్నారు. గొంతుకకు తోడుగ ధ్వనివర్ధకము వచ్చినది. వినగోరువానికే కాక, వినగోరనివానికిని వినిపించుట ఆ యంత్రముయొక్క గుణము.

శబ్దకాలుష్య నియంత్రణకై కేంద్రప్రభుత్వము 2000 సంవత్సరమున నియమములను వెలువరించినది. వాని ప్రకారము నివాస ప్రాంతములలో శబ్దము పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లను మించరాదు. రాత్రి యనగా పది గంటలు మొదలు ఉదయము ఆరు గంటల వరకు. లౌడ్ స్పీకరు వాడుటకు లిఖితపూర్వకమైన అనుమతి కావలెను. రాత్రివేళ మూసిన మందిరముల లోపల తప్ప దానిని వాడరాదు. సాంస్కృతిక, మతపరమైన ఉత్సవములకు మాత్రము రాష్ట్రప్రభుత్వము ఏడాదికి 15 దినములకు మించకుండ అర్ధరాత్రివరకు సడలింపు నీయవచ్చును.

ఈ కట్టుబాటు కళాద్వేషముచే పుట్టినది కాదు. 2005 జూలైలో సుప్రీంకోర్టు ఈ విషయమున ఇచ్చిన తీర్పునకు మూలమైన వ్యాజ్యము వెనుక ఒక విషాదము కలదు. అఘాయిత్యమునకు గురియైన 13 ఏండ్ల బాలిక ఆర్తనాదము, సమీపమున మ్రోగుచున్న లౌడ్ స్పీకరు సంగీతములో కలిసిపోయి ఎవరికిని వినబడలేదు. రోగికి విశ్రాంతియు, విద్యార్థికి ఏకాగ్రతయు, ఆపన్నునకు తన కేక వినబడుటయు హక్కులే. వీనిని కాదని కళ నిలువజాలదు.

అయినను నియమములలోని లోపమును గూడ గుర్తింపవలెను. అవి ధ్వనిని కొలుచును గాని, నూరుమంది ముందు ఆడు నాటికను, వేలమంది పాల్గొను ఊరేగింపును వేరుచేసి చూడవు. పదునైదు దినముల సడలింపు పెద్ద పండుగలకు చాలినచో చాలును. చిన్న సమాజము ఏడాదికొక్కసారి ఆడు నాటకమునకు అందులో చోటు దొరకుట కష్టము.

పాఠశాలల విషయము మరింత విచిత్రము. చిన్న ఊళ్లలో అద్దె లేక దొరకు రంగస్థలము తరచుగా పాఠశాల ఆవరణమే. కాని విద్యాలయముల చుట్టును 100 మీటర్లవరకు నిశ్శబ్దమండలముగ ఈ నియమములు తొలుత నిర్వచించినవి. అట్టి మండలమున సంగీతము వినిపించుటయే కాక, జనమును ఆకర్షించు ప్రదర్శన మిచ్చుటయు నేరమే. ప్రభుత్వము ప్రత్యేకముగ ప్రకటించిన ప్రదేశమే నిశ్శబ్దమండలమగునని 2017లో సవరణ వచ్చినది. ఇది తెలియక జంకు ప్రధానోపాధ్యాయులును, తెలిసియు లెక్కచేయని నిర్వాహకులును ఉందురు.

ఇంగ్లండులో చిన్న ప్రదర్శనలకు వేరు మార్గము చూపిరి. 2012లో అమలునకు వచ్చిన చట్టమును బట్టి ఉదయము ఎనిమిది మొదలు రాత్రి పదకొండువరకు, 200 మందికి మించని శ్రోతల ముందు జరుగు సంగీతమునకు, కొన్ని షరతులతో, ప్రత్యేకమైన లైసెన్సు అవసరము తప్పినది. 2015లో ఆ సంఖ్యను 500కు పెంచిరి. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రము 2014లో మరొక సూత్రము చేపట్టినది. ఎప్పటినుండియో సంగీతము సాగుచున్న మందిరము ప్రక్కన ఎవరైన క్రొత్తగ గృహములు కట్టినచో, శబ్దము లోనికి రాకుండ కట్టుకొను భారము వారిదే. క్రొత్త మందిరము వచ్చినచో ఆ భారము మందిరమువారిది. 2018లో ఇంగ్లండు నగర నిర్మాణ విధానమును ఈ సూత్రమును స్వీకరించినది. ముందున్నవారెవరు, మార్పు తెచ్చినవారెవరు అను ప్రశ్న ఇందలి ధర్మము.

చట్టముతోపాటు భౌతికశాస్త్రమును గూడ కొంత ఆశ్రయింపవలెను. పది డెసిబెళ్లు పెరిగినచో ధ్వనిశక్తి పదింతలగును. చెవికి సుమారు రెండింతలుగ తోచును. ఆరుబయట దూరము రెట్టింపైనచో ధ్వని ఆరు డెసిబెళ్లు తగ్గును. వేదికకు పది మీటర్ల దూరమున 85 డెసిబెళ్లున్న ధ్వని 65కు దిగుటకు నూరు మీటర్లు కావలెను. వేదికపై ఒకే పెద్ద లౌడ్ స్పీకరు నుంచి చివరి వరుసకు వినిపింపజూచుటకంటె, శ్రోతల చెంత చిన్నవి నాలుగుంచి మెల్లగ మ్రోగించుట మేలు. మద్దెలవంటి మంద్రధ్వనులు గోడలను దాటిపోవును గనుక వాని సాధన పెందలకడనే ముగింపవలెను. ఈ లెక్కలు తరగతిగదిలో చేయదగినవే. చరవాణితో స్థూలముగ కొలిచి, తమ వీధి శబ్దమును విద్యార్థులే పట్టిక వేయవచ్చును.

ఒక్క జాగ్రత్త మాత్రము మరువరాదు. నాటకమును నిషేధించు అధికారమును ప్రభుత్వమునకిచ్చిన 1876 నాటి చట్టము, 2017 నాటి రద్దు చట్టముతో తొలగినది. శబ్దమునకై అడుగు అనుమతి, ఆ పాత నిషేధమునకు దొడ్డిదారి కారాదు. అధికారి కొలువవలసినది ధ్వనిని, పలుకును కాదు. కావున దరఖాస్తుకు గడువులోగా సమాధానము, నిరాకరించినచో వ్రాతమూలకముగ కారణము, చిన్న ప్రదర్శనలకు సులభమైన పద్ధతి ప్రభుత్వము ఏర్పరుపవలెను.

సమితులు చేయవలసినది అంతకంటె తక్కువ కాదు. తేదీలను ముందుగ ఇంటింటికి తెలుపుట, పదిగంటలకు ముందే తెర దించుట, ఫిర్యాదు వచ్చినపుడు బదులు చెప్పు బాధ్యుని నియమించుట వ్యయముతో కూడినవి కావు. ఫిర్యాదు చేసిన ఇంటివారికే ముందువరుసలో ఆసనము వేసినచో సగము తగవు తీరును. ఆ ఇంటి బిడ్డయే రేపు వేషము కట్టవచ్చును. వేషము కట్టిన వాని ఇంట రేపు రోగి యుండవచ్చును. ఈ రెండును తెలిసిన ఊరిలో కళయు నిలుచును, నిద్రయు నిలుచును.