ఆపకండి... మేనమామ వచ్చేశాడు!

మన సినిమాల్లో ప్రయాణాలు ఎంత హాయిగా ఉంటాయో ఎప్పుడైనా గమనించారా? హీరోగారు ఫోనులో "వస్తున్నానమ్మా!" అంటారు. ఓ విమానం రన్‌వే మీంచి లేస్తుంది. మరుక్షణం ఆయన పచ్చటి పొలాల మధ్య కారు దిగుతారు, చొక్కా ఇస్త్రీ నలక్కుండా! మధ్యలో జరిగిన అసలు కథంతా ఎడిటరుగారి కత్తెర పాలు. మొన్న మార్గశిరంలో ఆ కత్తెర పాలయ్యే కథని, ఒక్క షాటు కూడా వదలకుండా, మా కుటుంబం 21 గంటలపాటు నటించి వచ్చింది.

సంగతేమిటంటే, మా అక్క కూతురి పెళ్ళి. అక్కావాళ్ళది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి దగ్గర పల్లెటూరు. ముహూర్తం రాత్రి 1-12కి. పెళ్ళికూతుర్ని గంపలో కూచోబెట్టి తీసుకురావలసిన మేనమామని నేనొక్కణ్ణే. ముందురోజే వెళ్ళవలసింది. ఓ సినిమా ప్రెస్‌మీట్ రాసివ్వాల్సి వచ్చి ఉండిపోయాను. "పొద్దున ఏడింటికి విమానం. ఎనిమిదిన్నరకల్లా విశాఖ. అక్కణ్ణించి కారు. భోజనాల వేళకి అక్క ఇంట్లో ఉంటాం" అని అమ్మకి స్క్రీన్‌ప్లే వినిపించాను. మా ఎనిమిదేళ్ళవాడు చప్పట్లు కొట్టాడు. మా ఆవిడ మాత్రం, "మీరు ఇంటర్వెల్ చెప్పడం మర్చిపోయారు" అంది. అనుభవజ్ఞురాలు!

ఇంటర్వెల్ విమానాశ్రయంలోనే పడింది. పెళ్ళికూతురి చేతిలో పెట్టడానికి అమ్మ వారంరోజులు కూచుని ఓ కొబ్బరిబొండాం తయారుచేసింది. పసుపు రాసి, చెమ్కీలు అద్ది, వధూవరుల పేర్లు ముత్యాల్లా రాసి, ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. తనిఖీ దగ్గర దాన్ని పక్కన పెట్టేశారు. లోపలికి తీసుకెళ్ళడం కుదరదట. పెట్టెలో సర్దుదామంటే పెట్టెలు అప్పటికే వెళ్ళిపోయాయి. "నాయనా, ఇది బాంబు కాదు, బొండాం!" అని అమ్మ ఎంత చెప్పినా ఆ అబ్బాయి మర్యాదగా తల అడ్డంగానే ఊపాడు.

"పోనీలే నాన్నమ్మా, ఉద్దానం నిండా కొబ్బరిచెట్లేగా?" అన్నాడు మావాడు.

"ఆ తోట ఇప్పుడేదిరా నాన్నా!" అంది అమ్మ.

ఆ మాట వాడికి అర్థం కాలేదు. నాకు గుచ్చుకుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గరే తీరం దాటింది. బావ తాతల నాటి కొబ్బరితోట తెల్లారేసరికి నేలమీద పరిచినట్టు పడుంది. కొన్నాళ్ళు ఫోనే కలవలేదు. కలిశాక నేను ధైర్యం చెప్పి ఊరుకున్నాను. వెళ్ళలేదు. ఏవో షూటింగులు, ఏవో ఇంటర్వ్యూలు. అక్క ఒక్కమాట కూడా అనలేదు. అంటే బావుండేది. అందుకే ఈసారి ఆలస్యం కాకూడదని నాలో నేనే ఒట్టు పెట్టుకున్నాను.

ఒట్టు సంగతి బంగాళాఖాతానికి తెలియదు కదా! అల్పపీడనం. విశాఖ మీద మబ్బుల్లో మా విమానం మూడు ప్రదక్షిణాలు చేసి, వెనక్కి తిరిగి గన్నవరంలో దిగింది. పదింపావుకి 'ఇక ఇది వెళ్ళదు' అన్నారు. నేను విశాఖలో మాట్లాడుకున్న కారతను ఆ మాట వినగానే వేరే బేరానికి వెళ్ళిపోయాడు.

1987లో 'ప్లేన్స్, ట్రైన్స్ అండ్ ఆటోమొబైల్స్' అని ఓ హాలీవుడ్ చిత్రం వచ్చింది. పండక్కి న్యూయార్కు నించి షికాగో ఇంటికి చేరాలని బయల్దేరిన స్టీవ్ మార్టిన్, మంచువల్ల విమానం ఇంకెక్కడో దిగిపోతే, రైలూ కారూ పట్టుకుని, వాగుడుకాయ జాన్ క్యాండీతో నానా అవస్థలూ పడతాడు. ఆ సినిమా చూసి నేను పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. ఆ పాపమే తగిలి ఉంటుంది.

బెజవాడలో రిజర్వేషను లేకుండా మధ్యాహ్నం బండి ఎక్కాం. కాలు పెట్టే చోటు లేదు. అమ్మని చూసి ఓ పెద్దాయన సర్దుకుని చోటిచ్చారు. పలాసలో జీడిపప్పు వ్యాపారమట. చోటిచ్చిన పాపానికి ఆయన మాటలు వినాలి కదా! ఏలూరులో మొదలెట్టిన జీడిగింజల ధరవరలు తుని దాటినా తెమల్లేదు. మాకూ ఓ జాన్ క్యాండీ దొరికాడనుకున్నాను.

విశాఖలో బండి ఆగి, మళ్ళీ కదిలింది. అమ్మ ఒక్కసారి ఉలిక్కిపడింది. "ఒరేయ్, ఇదీ వెనక్కే పోతోందిరా!" అని కేక. విశాఖలో రైలుకి ఇంజను అటు తీసి ఇటు తగిలిస్తారు. వచ్చిన దారినే కాస్తదూరం వెళ్ళి, అప్పుడు విజయనగరం వైపు మళ్ళుతుంది. ఇన్నేళ్ళూ రాత్రిబండిలో నిద్రపోతూ దాటింది కాబట్టి అమ్మకి ఆ సంగతి తెలియదు.

"ఏటమ్మా కంగారు? ఇక్కడ బండి ఇలగే తిరుగుతాది. ఎనక్కెల్లినట్టే ఉంటాది గానీ ముందుకే ఎల్తాది" అన్నారు పెద్దాయన.

పలాస చేరేసరికి రాత్రి 11-20. స్టేషను బయట ఒక్క బండీ లేదు. నా మొహం చూసి పెద్దాయన, "నానున్నాను కదా బాబూ" అంటూ మేనల్లుణ్ణి నిద్రలేపి పాత కారు తెప్పించారు. పైగా తనూ ఎక్కారు! దారిలో టైరు పంక్చరు. స్టెప్నీ తీస్తే అందులో సగమే గాలి. నత్తనడకన పోతుంటే, ఫోనులో దారి చెప్పే అమ్మాయి మమ్మల్ని తిన్నగా ఓ జీడితోటలోకి పంపించి "మీ గమ్యం చేరారు" అంది. అరకిలోమీటరు రివర్సు. "విమానం వెనక్కి, రైలు వెనక్కి, ఇప్పుడు కారూ వెనక్కే!" అని అమ్మ నిట్టూర్చింది.

పందిరి లైట్లు కనిపించేసరికి 12-55. మన సినిమాల్లో ఆఖరి రీలులో పెళ్ళిపందిట్లోకి పరిగెత్తుకొచ్చినవాడు "ఆపండి!" అని అరుస్తాడు. నేను కారు ఆగకముందే దూకి, "ఆపకండి! వచ్చేశాను!" అని అరిచాను. భజంత్రీలు బెదిరిపోయి ఆపేశారు.

అక్క ఎదురొచ్చింది. "ఏమైనా తిన్నార్రా?" అంది. అంతే. అమ్మ మాత్రం బొండాం సంగతి చెప్పి ఘొల్లుమంది. "మనింట్లో కాయకి కరువా అమ్మా?" అని అక్క పెరట్లో మనిషిని పురమాయించింది. తిత్లీకి పడిపోకుండా నిలబడ్డ చెట్లు పెరట్లో రెండున్నాయట. వాటి కాయ. చెమ్కీలు లేవు, పేర్లు లేవు. అమ్మ గబగబా పసుపు రాసి, కుంకం బొట్టు పెట్టి మనవరాలి చేతిలో పెట్టింది.

పట్టుపంచె పెట్టెలోనే ఉండిపోయింది. నలిగిన ప్యాంటుతోనే ఓ పక్క నేను, ఓ పక్క బావ తమ్ముళ్ళూ గంప ఎత్తాం. నా చెవి దగ్గర మేనకోడలు మెల్లిగా, "మావయ్యా, ఈసారి వచ్చావు" అంది.

నవ్వుతూనే అంది. ఆ 'ఈసారి' బరువు మాత్రం గంపకన్నా ఎక్కువే.

జీలకర్రా బెల్లం సరిగ్గా 1-12కే పడ్డాయి. జీడిపప్పు పెద్దాయన మగపెళ్ళివారికన్నా ముందు బంతిలో కూచుని, పక్కవాళ్ళకి ధరవరలు చెబుతూ సుష్ఠుగా భోంచేశారు. ఆ రాత్రి ఆయన మాటలంత కమ్మగా ఏ సన్నాయీ వినిపించలేదు నాకు.

తిరుగు ప్రయాణం అమ్మ ఆజ్ఞ మేరకు రాత్రిబండిలోనే. "పడుకుంటే ముందుకెళ్తోందో వెనక్కెళ్తోందో తెలియదు, సుఖం!" అని ఆవిడ తీర్మానం. అక్క ఆ పెరటిచెట్టు కాయలు నాలుగు సంచీలో పడేసింది.

రైల్లో వాటినెవరూ ఏమీ అడగలేదు.